ఎస్టీడీ బూత్ మీద అలిగిన హంస

ఉస్తాద్ పోయిన సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది. శాలిబండ మలుపులో కరెంటు స్తంభానికీ పండ్ల దుకాణం రేకుకూ మధ్య తాళ్ళతో బిగించి కట్టారు. బస్సు కిటికీలోంచి చూసి, ఎవరో తెలిసిన మనిషిలా ఉన్నాడే అనుకుంటూ ముందుకు వెళ్ళిపోయాను. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాను. ఫోటోను అడ్డంగా సాగదీశారు. బక్కపలచటి మనిషికి బూరెల్లాంటి బుగ్గలు వచ్చాయి. ‘శ్రద్ధాంజలి’లో చివరి అక్షరానికి చోటు చాలక సగం అంచు మడతలోకి దూరింది. కింద ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. పదిహేనేళ్ళ పరిచయంలో ఆ పేరు చదవడం నాకు అదే మొదటిసారి. ఇక్కడ రాయను. రాస్తే వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు ఉంటుంది. మా వైపు అందరికీ ఆయన ఉస్తాదే.

బతికి ఉంటే ఆ ఫ్లెక్సీ ముందు తప్పకుండా ఆగేవాడు. ఎడమ అరచేత్తో ఒక కన్ను మూసుకుని, మెడ పక్కకు వంచి, “ఎవని చెయ్యి ఇది?” అని అడిగేవాడు. ఏ బోర్డు చూసినా ముందు అదే మాట. దుకాణం ఎవరిది, సరుకు ఏమిటి, ఇవేవీ ఆయనకు పట్టవు. గీసిన చెయ్యి ఎవరిదో తెలియాలి. తెలిస్తే ఆ చెయ్యి గుణగణాలన్నీ చెప్పేవాడు. “ఈనికి ‘ల’కారం అచ్చిరాదు. పొట్ట పెంచుతడు” అనేవాడు. ఫ్లెక్సీలు వచ్చిన కొత్తలో ఎవరో “ఇది మిషన్‌ది ఉస్తాద్” అంటే, “మిషన్‌కు చెయ్యి ఏడికెల్లి వచ్చిందిరా?” అని నిజంగానే కోపగించుకున్నాడు.

ఆయన సైన్‌బోర్డు పెయింటర్. కుంచె తుడుచుకోవడానికి గుడ్డ ముక్క పక్కనే పెట్టుకునేవాడు గానీ తుడిచేది మాత్రం పాంటు కుడి తొడకే. అందువల్ల ఆ తొడ చూస్తే ఆ వారం ఏ దుకాణానికి ఏ రంగు వేశాడో చెప్పొచ్చు. మాట్లాడుతున్నంతసేపూ కుడిచేతి చూపుడువేలు గాలిలో ఏదో రాస్తూనే ఉండేది. నిలకడగా ఉన్నది నిచ్చెన మీద మాత్రమే. నేల మీదికి దిగితే కాళ్ళలో చక్రాలే. ఆయనతో శాలిబండ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా నడిచామా, ఆ రోజు పని వదులుకోవలసిందే. దారి పొడవునా ప్రతి ఫ్లెక్సీ మూల ఎత్తి, కింద పాత బోర్డు ఏమైనా మిగిలిందేమోనని చూసేవాడు. పాత గోడ మీది సున్నాన్ని గోటితో గీకేవాడు.

ఒకసారి ఒక బట్టల దుకాణం సేఠ్ గద్దె మీదినుంచే అరిచాడు.

“ఏంది ఉస్తాద్, నా బ్యానర్ పీకుతున్నవ్?”

“పీకుత లేను సేఠ్. కింద మనోడు ఉన్నడు, పలకరిస్తున్న.”

“ఎవడు మనోడు?”

“తొంభైల ఏసిన నీ దుకానం బోర్డు. బతికే ఉన్నడు. నువ్వే సమాధి గట్టినవ్.”

సేఠ్ నవ్వాడు గానీ బ్యానర్ మూల మళ్ళీ మేకు కొట్టించాడు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మా పరిచయం అర్థం కాదు. నేను అఫ్జల్‌గంజ్‌లో ఒక హోల్‌సేల్ మందుల దుకాణంలో పనిచేస్తాను. బడి చదువు పదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా మూసీ ఒడ్డున ఉన్న పెద్ద లైబ్రరీలో, భోజనం గంటలో సగం మిగుల్చుకుని, నాకు నేను చెప్పుకున్నది. పెద్ద పెద్ద బొమ్మల పుస్తకాలు ఇంటికి ఇవ్వరు. అక్కడే కూర్చుని రోజుకు ఒక పేజీ చూసేవాణ్ణి. ఆ రోజంతా మందుల అట్టపెట్టెలు కడుతూ ఆ పేజీని మళ్ళీ మళ్ళీ తలుచుకునేవాణ్ణి. అలా కొన్నేళ్ళలో, కాలేజీ చదివినవాళ్ళకు తెలియని బొమ్మల పేర్లు నేను చెప్పగలిగేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి.

అట్లా అడగకుండా చెప్పడం వల్లనే ఉస్తాద్ దొరికాడు. తొంభైల మొదట్లో ఒక పూట శాలిబండలో పళ్ళ డాక్టరు గది మీద ఆయన బోర్డు వేస్తున్నాడు. ఎర్రటి ఆకాశం, ఒక వంతెన, దాని మీద రెండు చేతులతో చెంపలు పట్టుకుని నోరంతా తెరిచి కేక పెడుతున్న మనిషి. ఆ తెరిచిన నోట్లో రెండు పుచ్చిన దవడపళ్ళు. నేను నిచ్చెన కింద ఆగిపోయాను. ఆ కేక బొమ్మ ఆ వారమే నేను చూసిన పేజీ.

“ఇది నార్వే దేశం బొమ్మ గదా! ‘కేక’!” అని అరిచాను.

ఉస్తాద్ నోట్లో కుంచె పట్టుకుని వెనక్కి తిరిగాడు. నిచ్చెన దిగాడు. రంగు చేత్తోనే నా భుజం పట్టుకున్నాడు.

“మల్ల జెప్పు.”

చెప్పాను. ఆయన లోపలికి చూసి కేకేశాడు. “డాక్టర్ సాబ్! జర ఇట్ల రాండ్రి. ఈయనకు ఎరుకైంది!”

డాక్టరు చేతిలో పనిముట్టుతోనే బయటికి వచ్చాడు. నేను మూడోసారి చెప్పాను, లైబ్రరీలో చూశానని కూడా. ఆయన బోర్డు వైపు చూసి, “అరె, నేను పంటినొప్పి మనిషి అనుకున్న గదా ఉస్తాద్. మంచిగున్నదని ఊకున్న” అన్నాడు.

ఉస్తాద్ ముఖం అప్పుడు చూడాలి. సంతోషం, దాని వెనకాలే చిరాకు. “పదేండ్ల సంది ఏస్తున్న లైబ్రరీ,” అన్నాడు నాతో. ఆ రోజు నుంచీ నా పేరు లైబ్రరీయే. “లాండ్రీ మీద జపాన్ అల ఏసిన. అల నురుగంత సబ్బు నురుగు, అండ్ల అంగీలు, పైజామలు కొట్టుకపోతుంటయ్. జనం ఏమన్నరు? ‘సబ్బు మంచిగేసినవ్’ అన్నరు. ఒక్కడు గుర్తువట్టలే.”

ఆ బొమ్మలన్నీ ఆయనకు పాతకాగితాల దుకాణంలో దొరికిన విదేశీ పత్రికల నుంచి వచ్చాయి. గీసినవాళ్ళ పేర్లు తెలియవు. కేకేసేటోడు, జపాన్ అల, నవ్వీ నవ్వని ఆమెకేమో ఇటలీ అక్క అని ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. ఏ దుకాణం వచ్చినా ఆ సరుకుకు సరిపోయే గొప్ప బొమ్మను ఒకదాన్ని వెతికి, దాన్ని వెక్కిరించి వేసేవాడు. కాని వెక్కిరింపు అని తెలియాలంటే అసలు బొమ్మ తెలిసి ఉండాలి. మా గల్లీల్లో ఎవరికి తెలుసు?

“అసలుది, నాది, రెండు పక్కపక్కకు పెట్టి జూపియ్యాలె,” అనేవాడు. “ఒక్కపారి సాలు. అప్పుడు సమజైతది. లేకుంటె నేను బతుకంత పంటినొప్పులు, సబ్బులు ఏసినట్టే.”

ఈ ఒక్క కోరిక ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. పదేళ్ళపాటు విని తల ఊపాను. అంతకంటే నేను మాత్రం ఏం చేయగలను?

ఆ తర్వాత మా వీధిలో సలీం భాయ్ నెట్ సెంటర్ పెట్టాడు. అందులో నేను ఆదివారాలు కూర్చుని వికీలో తెలుగు వ్యాసాలు రాయడం మొదలుపెట్టాను. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, పదో తరగతి సర్టిఫికెట్ కూడా అడగరు. నాకు అంతకంటే ఏం కావాలి? చెరువుల మీద రాశాను, మందు మొక్కల మీద రాశాను. ఒకరోజు, ప్రసిద్ధ చిత్రాలకు వచ్చిన పేరడీల మీద ఒక పేజీ తెరిచాను. నాలుగు పేరాలు రాశాక చూసుకుంటే బొమ్మ ఒక్కటీ లేదు. బొమ్మల గురించిన పేజీలో బొమ్మ లేకపోవడం భోజనం లేని విస్తరిలా ఉంది. అప్పుడు ఉస్తాద్ మాట తట్టింది. లేచి, సీటు అట్లాగే వదిలేసి, ఆయన ఇంటికి పరుగెత్తాను.

ఆయన వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నేను ప్రపంచం నలుమూలల పేరడీలు ఒక్కొక్కటిగా తెర మీదికి తెచ్చాను. ఆయన ఒక కన్ను మూసుకుని తీర్పులు చెప్పాడు.

“ఇటలీ అక్కకు మీసం పెట్టిండు. వీడు తుంటరోడు, పనిమంతుడు గాదు. తియ్యి.”

“ఇది చాలా పేరున్నది ఉస్తాద్.”

“ఉండనీ. మీసం పెట్టనీకి ఎంతసేపు? బస్‌స్టాండ్ల పోస్టర్ మీద పిలగాండ్లు పెడ్తరు. అగ్గో, ఆ పిల్లి బొమ్మ జూడు. చేతులు అచ్చం అక్క చేతుల లెక్కనే పెట్టుకున్నది పిల్లి. వీనికి అసలు బొమ్మంటె పానం. ఇష్టం లేనిదాన్ని ఎక్కిరిస్తె తిట్టయితది లైబ్రరీ.”

కాని ఆ పిల్లినీ పెట్టడానికి లేదు. వికీ నియమం చెప్పాను. ఎక్కడో కనబడ్డ బొమ్మ తెచ్చి పెట్టకూడదు. గీసినవాడు పోయి చాలా ఏళ్ళు అయి ఉండాలి, లేదంటే గీసినవాడే ఒప్పుకోవాలి.

ఉస్తాద్ కాసేపు గాలిలో రాసుకున్నాడు. “అంటే బొమ్మ ఎక్కాల్నంటె సావన్న సావాలె, సంతకమన్న పెట్టాలె.”

“అవును.”

“మరి నేను ఉన్న గద. సంతకం పెడ్త, రాయి.”

పక్క సీటులో సలీం భాయ్ తలెత్తాడు. “ఉస్తాద్, పహిలె బొమ్మ లేదు గదా మీది? ఫోటో లేకుండా సంతకం కాయ్‌కూ?”

అది నిజమే. ముప్పయ్యేళ్ళు బోర్డులు వేసిన మనిషి దగ్గర ఒక్క బోర్డు ఫోటో లేదు. తన పని వీధుల్లో ఉంది కదా, ఫోటో ఎందుకు అనుకున్నాడు. సలీం భాయ్ తన డిజిటల్ కెమెరా ఇచ్చాడు. ఆ ఆదివారం మేమిద్దరం బయల్దేరాం.

పళ్ళ డాక్టరు గది మీద కేకేసేవాడు లేడు. తెల్లటి పలువరుసతో నవ్వుతున్న అమ్మాయి ఫ్లెక్సీ ఉంది. ఉస్తాద్ మూల ఎత్తి చూశాడు, కింద ఉత్త ఇనుప చట్రం. లాండ్రీ షట్టర్ మీద జపాన్ అలను ఒక సెల్‌ఫోన్ కంపెనీ రంగు ముంచేసింది. గోటితో గీకితే ఒక పైజామా కాలు బయటపడింది, అంతే. అట్లా ఏడు చోట్లకు తిరిగాం. ప్రతిచోటా ఉస్తాద్ ముందు నడుస్తూ వెళ్ళేవాడు, తిరిగి వచ్చేటప్పుడు నాకంటే వెనకబడేవాడు. ఎండ నెత్తికెక్కింది. నాకు లోపల ఏదో గాబరా మొదలైంది, ఇప్పుడు తీయకపోతే ఈ సాయంత్రానికి మిగతావీ పోతాయేమో అన్నట్టు.

ఎనిమిదో చోట దొరికింది. ఒకప్పటి ఎస్టీడీ బూత్. లోపల ఫోన్లు పోయి రీచార్జి కార్డులు వచ్చాయి గానీ పైన పొడుగాటి రేకు బోర్డు ఇంకా ఉంది.

ఆ బొమ్మ అసలుది మన ఇళ్ళలో క్యాలెండర్ల మీద అందరూ చూసిందే. ఎర్రచీర రాకుమారి రాతిగట్టు పక్కన నిలబడి, తన రాజు కబురు తెచ్చిన హంసతో మాట్లాడుతుంటుంది. ఉస్తాద్ బోర్డులో రాకుమారి అదే, చీర అదే, గట్టు అదే. కాని గట్టు మీద హంస ఉండాల్సిన చోట పసుపు పచ్చ టెలిఫోన్ ఉంది, రిసీవర్ ఆమె చెవిదగ్గర ఉంది. మరి హంస ఎక్కడ? బోర్డు ఆ చివర, ‘ఎస్టీడీ’ అనే పెద్ద అక్షరాల మీదికి ఎక్కి, ఆమెకు వీపు పెట్టి, మెడ ముడుచుకుని, ముక్కు గోడవైపు తిప్పుకుని కూర్చుంది. ఉత్తరాలు పంచే పని పోయిన డాకియాలాగా.

“అలిగింది,” అన్నాడు ఉస్తాద్ కింద నుంచి చూస్తూ, ఏదో ఇంట్లో పిల్ల గురించి చెప్పినట్టు.

దుకాణంవాడు, వచ్చే వారం ఫ్లెక్సీ కడుతున్నానని చెప్పాడు. ఒక్క ఫోటో తీశాను. రెండోది తీయబోతే బ్యాటరీ అయిపోయింది. ఒకటి చాలదా అనుకున్నాను.

ఇక నేను చేసింది చెప్పాలి. ఆ వారం మధ్యలో నెట్ సెంటర్‌లో కూర్చుని, ఉస్తాద్ కోరినట్టే, అసలు బొమ్మ ఒక పక్క, బోర్డు ఫోటో ఒక పక్క పెట్టాను. చూస్తే తేడా కొట్టింది. అసలు బొమ్మలో రాకుమారి ఒక వైపు చూస్తుంటే, ఉస్తాద్ బోర్డులో సరిగ్గా ఎదురు వైపు చూస్తోంది. అద్దంలో చూసినట్టు తిరగబడింది. పుస్తకాల్లో ఆ బొమ్మ నేను ఎన్నిసార్లు చూశాను! పాపం, ఏదో తప్పుగా అచ్చయిన క్యాలెండర్ చూసి వేసి ఉంటాడనుకున్నాను. ప్రపంచమంతా చూసే పేజీలో ఆయన తప్పు బయటపడకూడదు అనుకున్నాను. కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో బొమ్మను ఇటు నుంచి అటు తిప్పేశాను. రాకుమారి సరిగ్గా కుదిరింది. కాని ఇప్పుడు ‘ఎస్టీడీ’ అక్షరాలు తిరగబడ్డాయి. అవి చూడటానికి వికారంగా ఉన్నాయని ఆ చివర కత్తిరించేశాను. అక్షరాలతోపాటు వాటి మీద కూర్చున్నదీ పోయింది. అసలు బొమ్మలో హంస ఉన్నచోట ఇందులో ఫోన్ ఉంది కదా, పేరడీకి అది చాలు అనుకున్నాను. పాత ఫోటో మీదనే దాన్ని సేవ్ చేసి, పేజీలోకి ఎక్కించాను. చేసిన పనికి నన్ను నేనే మెచ్చుకుంటూ ఇంటికి పోయాను.

ఆదివారం ఉస్తాద్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తెర ముందు వంగి, ఒక కన్ను మూశాడు. తర్వాత రెండో కన్ను మూసి మొదటిది తెరిచాడు.

“హంస ఏది?”

“హంస జాగల ఫోన్ ఉన్నది గద ఉస్తాద్. గదే పేరడీ. పుస్తకాలల్ల...”

“పుస్తకం బంద్ జెయ్యి. హంస ఏది?”

“అక్షరాలు ఉల్టా అయినయ్. అందుకే ఆ అంచు తీసేసిన.”

“ఉల్టా ఎందుకైనయ్?”

చెప్పాను. అసలు బొమ్మలో ఆమె ఇటు చూస్తుంది, మీ బోర్డులో అటు చూస్తోంది, సీదా చేశానని చెప్పాను. 

“నేను తప్పు ఏసిన అనుకున్నవా?” అని అడిగాడు.

సరిగ్గా అదే అనుకున్నాను మరి.

“ఆ దుకానం తలుపు ఎటు దిక్కున్నది?”

గుర్తు తెచ్చుకున్నాను. బోర్డులో రాకుమారి చూస్తున్న వైపే ఉంది.

“మా పనిల మొదటి పాఠం గిది. బోర్డు మీద మనిషిని ఏస్తె, ఆ మనిషి దుకానం తలుపు దిక్కు జూడాలె. వీపు పెట్టిండా, గిరాకీ అటుకెల్లి అటే వాపస్ పోతది. ఏ పెయింటర్‌నన్న అడుగు. ఎంత పెద్ద మహారాజు బొమ్మైనా సరే, తలుపు దిక్కు తిప్పుతం. రాణిని తలుపు దిక్కు తిప్పింది నేను, ఎరికుండి తిప్పిన.” ఆయన వేలు తెర మీద కత్తిరించిన అంచు దగ్గర ఆగింది. “హంసను ఒక్కదాన్నే వీపు పెట్టనిచ్చిన. దాని నౌకరీ పోయింది గద, కోపం వస్తది. బూత్ సేఠ్ ఒప్పుకోలే. రెండు దినాలు లొల్లి. ‘అది మనిషి గాదు సేఠ్, పిట్ట’ అని ఒప్పిచ్చిన. ఇప్పుడు ఇది జూస్తె ఎవనికన్న ఏం కనవడ్తది? ఫోన్ మాట్లాడే ఆడమనిషి. అంతే గద?”

అంతే. డాక్టరుకు పంటినొప్పి కనబడినట్టు, జనానికి సబ్బు కనబడినట్టు. ఈసారి ఆ పని చేసింది మాత్రం బొమ్మలు తెలిసినవాణ్ణి.

ఫోటో మళ్ళీ సీదా తిప్పగలను, కాని హంసను తేలేను. పాత ఫోటో మీదనే కొత్తది సేవ్ చేసేసరికి పాతది చెరిగిపోయింది. కెమెరాలో ఉందేమోనని సలీం భాయ్‌ని అడిగితే, “షాదీ ఫోటోల కోసం మొత్తం ఖాళీ చేసిన భాయ్, ముందే చెప్తే ఉంచుతుంటి గదా” అన్నాడు. ఉస్తాద్ చాయ్ వద్దన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను ఆ పేజీ ముందు కూర్చుని బొమ్మ తీసేశాను. తీసేస్తే ఖాళీ మరీ పెద్దగా కనిపించింది.

సోమవారం భోజనం గంటలో లైబ్రరీకి పోలేదు. బూత్‌కు పరుగెత్తాను. పైన కొత్త ఫ్లెక్సీ నిగనిగలాడుతోంది. బోర్డు ఏదని అడిగితే, పాత ఇనుప సామాన్లవాడు తీసుకుపోయాడన్నారు. వాణ్ణి వెతికి పట్టుకునేసరికి మూడు రోజులు పట్టింది. “పెద్ద రేకు గదా, మంచి రేకు. దబీర్‌పురా స్టేషన్ ఎన్క మేకలు సాదే అమ్మ తీస్కపోయింది” అన్నాడు. దుకాణంలో కడుపునొప్పి అని చెప్పి ఉస్తాద్ ఇంటికి వెళ్ళాను. ఆయన గడపలో ఉన్నాడు. నా ముఖం చూడకుండా వేరే వైపు చూస్తున్నాడు.

“బోర్డు దబీర్‌పురాల ఉన్నదంట,” అన్నాను.

అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

స్టేషన్ వెనక, పట్టాల గోడకు ఆనించి ఒక మేకల కొట్టం. దాని తలుపు ఒక రేకు. మట్టి, మేకల రోమాలు, ఎండిన పెంట. ఉస్తాద్ వంగి, తన చొక్కా చేతితోనే రుద్దడం మొదలుపెట్టాడు. మట్టి కింద నుంచి తెల్లగా ఏదో వచ్చింది. మెడ. ముడుచుకున్న మెడ.

లోపలి నుంచి ఒకామె వచ్చింది. “ఏందయ్యా, నా మేకల తలుపు తోముతున్నవ్? సర్కారోళ్ళా మీరు?”

“కాదు అక్కా. ఈ బొమ్మ నేనే ఏసిన.”

ఆమె ఆయన్ను కిందికీ పైకీ చూసింది. “నువ్వేసినవా? మంచిగున్నది బాతు. మా మేకపిల్ల దీన్ని జూసి పొడుస్తది. చూడు, ముక్కు కాడ రంగు లేసింది.”

“ఇగో, దీనికి ఇంకో సగం ఉండాలె. ఎర్రచీర ఆమె...”

“అదా? రేకు పొడుగైందని రెండు ముక్కలు కోసిన. ఆ ముక్క పొయ్యికాడ గాలికి అడ్డం పెట్టిన.”

వెళ్ళి చూశాం. పొయ్యి పక్కన రేకు నల్లగా కాలి, పొరలు లేచి ఉంది. రాకుమారి లేదు, ఫోన్ లేదు, ఏమీ లేదు. ఒక మూల కొంచెం ఎరుపు మిగిలింది, అది చీరో తుప్పో చెప్పలేం. నేను ఉస్తాద్ వైపు చూడలేక పట్టాల వైపు చూశాను. ఆయన తిరిగి కొట్టం దగ్గరికి వెళ్ళిపోయాడు. నీళ్ళు అడిగి తీసుకుని తలుపు మొత్తం కడిగాడు. హంస వీపు, ముడుచుకున్న మెడ, దాని కింద ‘ఎస్టీడీ’, అన్నీ వచ్చాయి. మేకపిల్ల పొడిచిన ముక్కు మాత్రం తుప్పు రంగులో ఉంది. దారిలో సలీం భాయ్ దగ్గర మళ్ళీ అడిగి తెచ్చిన కెమెరాతో ఈసారి పన్నెండు ఫోటోలు తీశాను. ఆమె, “నా మేకలు గూడ వస్తయా అండ్ల?” అని అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఆగలేకపోయాను. “ఉస్తాద్, రాణి ఫోటో నా దగ్గర ఉన్నది. మల్ల సీదా తిప్పి, ఈ హంసను పక్కకు అతికిస్త. కంప్యూటర్ల అతుకు కనవడదు. బోర్డు మొత్తం మునుపటి లెక్కనే అయితది.”

చాలాసేపు కిటికీ బయట బోర్డులు చూశాడు. “వద్దు,” అన్నాడు. “రాణి ఎవ్వలది? ఆ బొమ్మ ఏసిన కేరళ రాజుది. చీర ఆయనది, గట్టు ఆయనది. ఫోన్ బజార్ల దొరుకుతది. అండ్ల నాదేమున్నది చెప్పు?”

నేను కెమెరాలో హంస ఫోటో తెరిచి ఆయన ముందు పెట్టాను.

“హంస నాది. అది అలిగింది జూడు, అది నాది. దాన్ని ఒక్కదాన్నే పెట్టు.”

“ఒక్క హంస పెడితే సమజైతదా?”

“పక్కకు అసలు బొమ్మ ఉంటది గద. జూద్దాం.”

నేరుగా నెట్ సెంటర్‌కు వెళ్ళాం. సలీం భాయ్ మా బట్టల వాసన చూసి ముక్కు మూసుకున్నాడు గానీ సీటు ఖాళీ చేయించాడు. ఎక్కించేటప్పుడు వికీ ఒక మాట అడుగుతుంది, ఇది పూర్తిగా నీ సొంత పనేనా అని. ఉస్తాద్‌కు చదివి వినిపించాను. ఆయన ఈసారి ఆలోచించలేదు. “కొట్టు టిక్కు” అన్నాడు. కొట్టాను. బొమ్మ పేజీలోకి వచ్చింది. అసలు బొమ్మ కుడి పక్కన, హంస ఎడమ పక్కన.

“అట్ల గాదు,” అన్నాడు వెంటనే. “హంస మొఖం ఆమె దిక్కున్నది. అలిగినట్టు ఏడున్నది? ఇది రాజీపడ్డట్టున్నది. అటుదిటు చెయ్యి.”

“హంసను తిప్పాల్నా?” అని అడిగాను భయంగా.

“హంస జోలికి పోకు! జాగలు మార్చు.”

అసలు బొమ్మను ఎడమకు, హంసను కుడికి మార్చాను. ఇప్పుడు ఈ పక్క ఎర్రచీర రాకుమారి తన హంసతో మురిపెంగా మాట్లాడుతోంది. ఆ పక్క, ‘ఎస్టీడీ’ మీద కూర్చున్న తుప్పు ముక్కు హంస ఆమెకు వీపు పెట్టి, ఇంక నీతో మాటల్లేవు అన్నట్టు అవతలికి చూస్తోంది.

సలీం భాయ్ మా వెనక నుంచి వంగి చూశాడు. ఆ బోర్డు కింద నిలబడి ఆయన ఎన్నేళ్ళు దుబాయికి ఫోన్లు చేశాడో! ఆయన కళ్ళు ఈ బొమ్మ మీదికీ ఆ బొమ్మ మీదికీ పోయాయి. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

“అరె యా అల్లా! ఫోన్ వచ్చింది, దీని నౌకరీ గయీ! ఉస్తాద్, రూఠ్‌కో బైఠీ నా ఇది, అలిగింది గదా? ఇన్నేండ్లు నేను ఏదో బాతు అనుకున్న గదా!”

ఉస్తాద్ నవ్వలేదు. సలీం భాయ్ ముఖంలోకి అరచెయ్యి అడ్డం పెట్టకుండా, రెండు కళ్ళతో చూశాడు. గభాలున మెట్లు దిగి వీధిలోకి పోయాడు. పండ్ల దుకాణంవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. తర్వాత ఇస్త్రీ పెట్టేవాణ్ణి, వాడితో నిలబడి మాట్లాడుతున్న ఒక పోలీసును, పెరుగు కొనుక్కుని పోతున్న ఒక ముసలాయనను, దారిన పోయే ఇంకో ముగ్గురిని. నెట్ కోసం వచ్చినవాళ్ళు లొల్లి పెట్టారు. “లైన్ల నిలవడాలె, లైన్ల!” అని ఉస్తాద్ వాళ్ళనే అదిలించాడు. నేను పేజీని కిందికీ పైకీ జరుపుతూ కూర్చున్నాను. సలీం భాయ్‌తో కలిపి ఆ సాయంత్రం ఎనిమిది మంది చూశారు. ఆరుగురు నవ్వారు. మిగతా ఇద్దరినీ ఉస్తాద్ వెళ్ళనివ్వలేదు. తలుపుకు అడ్డంగా నిలబడి, “జర ఆగుండ్రి, మొదటికెల్లి జెప్త” అంటూ హంస నౌకరీలో చేరిన రోజు నుంచి మొదలుపెట్టాడు.